పాపసంకీర్తనానికి పన్నెండో గడి

పాపం చేయడానికి ఎవరూ వరుసలో నిలబడనక్కర్లేదు. ఒప్పుకోవడానికి మాత్రం ఒక పద్ధతంటూ ఉండాలి. ఈ సత్యాన్ని ఆబిడ్స్ దగ్గరి మా కథోలిక చర్చి విచారణలో మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేనే. పేరు రాయప్ప. నాంపల్లి స్టేషన్ రిజర్వేషన్ కౌంటర్లో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. (కూర్చున్నది నేను, నిలబడ్డది జనం.)

ఈస్టర్‌కు ముందు వారం మా గుడికి నాలుగు వందల మంది పాపసంకీర్తనానికి వస్తారు. చేసిన పాపాలు చెవిలో చెప్పి క్షమాపణ పొందే ఆ సంస్కారానికి ఉన్న చెవులు ఫాదర్ బాలశౌరిగారివి రెండే. తోపులాటలో పాత పాపాలకు కొత్తవి కలుస్తుంటాయి. "రాయప్పగారూ, ఈ వరుస కాస్త చూసిపెట్టండి" అన్నారు ఫాదర్. చూసిపెట్టమంటే చాలు, నేను ఏకంగా ఒక వ్యవస్థనే పెట్టేస్తాను.

ఫారం తయారైంది. పేరు, వయసు, చిరునామా, పిన్‌కోడ్, కిందటి పాపసంకీర్తనం తేదీ, పది ఆజ్ఞల్లో మీరినదాని నంబరు, ఫాదర్‌తో చెప్పుకునేది తెర వెనకా ఎదురుగానా. (గోప్యత కోసం ఫారాన్ని రెండు మడతలు పెట్టవచ్చు.) పన్నెండో గడి నాకు గర్వకారణం. ఎవరితోనైనా మాటలు లేకపోతే, అభ్యంతరం లేదంటూ ఆ అవతలి మనిషి అక్కడ సంతకం పెట్టాలి. క్షమించడం దేవుడి పని, సంతకం సరిచూడటం నా పని. ఘోరపాపాలకు తత్కాల్ ఉంది. వెయిటింగ్ లిస్టువాళ్లు వెనక బెంచీలో కూర్చుని పశ్చాత్తాపం కొనసాగించవచ్చు. ఫాదర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, సిలువ గుర్తు వేసుకున్నారు. దాన్ని ఆమోదంగా నమోదు చేసుకున్నాను.

పవిత్ర శనివారం పొద్దున్నే సుల్తాన్ బజార్లో పూలమ్మే ఆరోగ్యమ్మ వచ్చింది.

"గీ పండ్రెండో గడిల ఏం రాయాలె సారూ?"

"ఎవరితోనైనా మాటలు లేవా?"

"మా అక్కతోని. ఆర్నెల్లాయె. గదే ఫాదర్‌తోని చెప్పుకుందామని వచ్చిన. రేపు పండుగ, పూజల ఫాదర్ చేతి సత్ప్రసాదం తీసుకోవాలె. కోపం పెట్టుకొని ఎట్ల తీసుకుంట? దిల్ మీద బండ పెట్టినట్టున్నది."

"అయితే ఆవిడ సంతకం కావాలి."

"ఆమె సంతకం పెట్టేటట్టుంటే గీడికెందుకొస్త సారూ?"

ప్రశ్న న్యాయమైనదే. కానీ ఫారంలో ప్రశ్నలకు గడి లేదు. వెనక్కి పంపాను.

మధ్యాహ్నానికి ఆమె ఉస్మాన్‌గంజ్ నుంచి అక్కను వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరి కళ్లూ ఉబ్బి ఉన్నాయి, ఇద్దరూ నవ్వుతున్నారు. "గీ సారే అక్కా. సంతకం లేంది దేవుడు గూడ ఒప్పుకోడంట" అని నన్ను చూపించింది. అక్క పన్నెండో గడిలో వేలిముద్ర వేసి, మిగిలిన సిరా నా బల్లగుడ్డకు తుడిచింది. వ్యవస్థ ఫలించిందని రిజిస్టర్లో రాసుకున్నాను.

సాయంత్రం కౌంటర్ మూసే ముందు బల్ల మీదికి ఇంకో ఫారం వచ్చింది. తలెత్తకుండా చదవడం నా అలవాటు. చిన్నప్ప, హిమాయత్‌నగర్. మాటలు లేనిది ఎవరితో: మా అన్నతో. ఎన్నాళ్లుగా: తొమ్మిదేళ్లుగా. పన్నెండో గడి ఖాళీ.

ఆ అన్నను నేనే. అమ్మ అంత్యక్రియల పూజలో బైబిలు పఠనం చదవాల్సింది పెద్దకొడుకుగా నేను. లేచి పుస్తకం తెరిచాను గానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. తమ్ముడు వచ్చి, పుస్తకం అందుకుని చదివేశాడు. (బాగా చదివాడు. అదే వాడి నేరం.) అప్పటి నుంచి ఒకే గుడిలో వాడిది సాయంత్రం పూజ, నాది పొద్దుటి పూజ. అప్పటి నుంచి నేను సత్ప్రసాదమూ తీసుకోలేదు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. సత్ప్రసాదం వేళ అందరినీ వరుసలో పెట్టే మనిషిని, నువ్వు తీసుకున్నావా అని ఎవరడుగుతారు? ఆ సత్ప్రసాదం వరుసల బాధ్యత నేను కోరి నెత్తికెత్తుకున్నది అందుకే.

"అన్నా" అన్నాడు వాడు. "గీడ నువ్వు సంతకం పెడితే అయిపాయె అంట గదా. ఆరోగ్యమ్మ చెప్పింది."

తలెత్తాను. వాడి జుట్టంతా నెరిసిపోయింది. అచ్చం అమ్మలాగే కళ్లద్దాలు ముక్కు చివరకు జారి ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. పెన్ను మూత తీశాను.

సంతకానికి ముందు ఫారాన్ని మొదటి నుంచి సరిచూడటం నియమం. సరిచూశాను. పిన్‌కోడ్ రాయలేదు.

వెనక్కి ఇచ్చేసి, "నెక్స్ట్" అన్నాను. వాడి వెనక ఎవరూ లేరు.