కృష్ణకుమారి తొమ్మిది ప్రశ్నలు

ఆ ఉదయం కృష్ణకుమారి అనుకున్నది చిన్న పనే. నంద్యాలలో ఎనిమిదిన్నర బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాలి, శిల్పి నారాయణను తొమ్మిది ప్రశ్నలడగాలి, అన్నం వేళకు ఇల్లు చేరాలి. భర్త ఆదిశేషయ్య పోయి రెండేళ్లు. ఆయన కొట్టు మూసేశాక ఆమెతో మాట్లాడేవాళ్లే తగ్గిపోయారు. "నువ్వే పోయి అడగవ్వా. అడిగితే ఎవరైనా మాట్లాడతారు. పాడ్‌కాస్ట్ పెడదాం" అని మనవరాలు సౌమ్య, ఫోన్లో రికార్డింగుకు ఎక్కడ నొక్కాలో నేర్పింది.

మీతో ఒక గంట మాట్లాడాలని ముందురోజు ఫోన్ చేస్తే, నారాయణ "రాండమ్మా, ఫొటో తెచ్చుకోండి" అన్నాడు. పాడ్‌కాస్టుకు తన ఫొటో కూడా కావాలి కాబోలనుకుని ఆమె ఇల్లంతా వెతికింది. దొరికింది ఒక్కటే, బెలుం గుహల ముందు భర్తతో దిగింది.

ఆళ్లగడ్డలో శిల్పి పందిరి కింద కూర్చుని, ఫోన్లో రికార్డింగు నొక్కి పక్కన పెట్టి, నోటుపుస్తకం తెరిచేలోపే నారాయణ ఫొటో అందుకున్నాడు. సారు మీకంటే ఎంత పొడుగని అడిగాడు. మర్యాదకు అడుగుతున్నాడనుకుని ఆమె తలపైకి చెయ్యెత్తి చూపింది. ఆయన దారంతో కొలిచాడు. పాపిట ఏ పక్క, నవ్వితే ఏ బుగ్గ పైకి లేస్తుంది, కళ్లద్దాలు ఎప్పుడూ ఉండేవా అని వరసగా అడుగుతూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు ఒకరు అడిగారు కదా అని ఆమె అన్నీ చెప్పింది. ఇంతలో ఆయన భార్య సుజాత పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చి ఒక నల్లరాయి ముందు పెట్టింది. పాడ్‌కాస్టును ఇంత శాస్త్రంగా మొదలుపెడతారా అని మురిసిపోయి కృష్ణకుమారే టెంకాయ కొట్టింది. నారాయణ ఉలి ఆనించి తొలిదెబ్బ వేశాడు.

"ఆఖరుగా ఆయన్ని ఎట్ల చూసినారమ్మా?"

ఆ మాట ఆమెను అంతవరకు ఎవరూ అడగలేదు.

"కొట్టుకు పోతా పోతా గేటు కాడ తిరిగి చూసినారప్పా. ఏందో చెప్పబోయినారు. పొయ్యి మీద పాలు పొంగుతాండాయి. పొయ్‌రాండి, సాయంత్రం చెబుదురులే అంటిని."

నారాయణ ఉలి కింద పెట్టి ఫొటో వంక చూశాడు. "అట్లయితే తల నేరుగా వద్దు. తిరిగి చూస్తాండేట్లే చెక్కుతా." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయనే మళ్లీ అడిగాడు. "పక్కన మీది గూడా ఇప్పుడే చెక్కేదా, ఇంకొన్నాళ్లు ఆగేదా?"

అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. సిగ్గుతో చితికిపోతూ, తాను బొమ్మకోసం రాలేదని, ఆయన్ను ప్రశ్నలడగడానికి వచ్చానని చెప్పి నోటుపుస్తకం చూపింది. సుజాత కొబ్బరిచిప్పల వంక చూసింది.

"ఈడికొచ్చేవాళ్లంతా బొమ్మకే వస్తారమ్మా. నన్ను అడగను ఎవురొస్తారు?" అన్నాడు నారాయణ. తర్వాత రాయి నిమురుతూ, తొలిదెబ్బ పడ్డాక దాన్ని వదిలేయకూడదని, చిన్న తలే కాబట్టి చేసిస్తానని అన్నాడు. "అడుగమ్మా, నీ ప్రశ్నలు."

ఆమె తొమ్మిదీ అడిగింది. ఆయన సాయంత్రం బస్సు దాకా జవాబులు చెప్పాడు. ఆమె మొదటి ప్రశ్న అడిగేసరికే ఫోన్లో చోటు నిండి రికార్డింగు ఆగిపోయిందని ఇంటికి వచ్చాక సౌమ్య చెప్పింది.

ఆదిశేషయ్య తల ఇప్పుడు వంటింటి కిటికీలో ఉంది, పొయ్యి వైపు తిరిగి చూస్తూ. ఉదయం పాలు దించాకే కృష్ణకుమారి అటు తిరిగి, "ఇప్పుడు చెప్పండి" అంటుంది.

రికార్డయిన భాగాన్ని సౌమ్య 'శిల్పి నారాయణతో ముఖాముఖి' అని పేరు పెట్టి అందరికీ వినిపించింది. అందులో నారాయణ గురించి తెలిసేది ఒక్కటే, ఆయన ప్రశ్నలు బాగా అడుగుతాడు.