గ్రూపు తీర్మానం ప్రకారం సుందర్ రావు లేరు

టైలర్ సుందర్ రావు పోయాడన్న కబురు విని కాశిబుగ్గలో ఆయన దుకాణం ముందు జనం మూగేసరికి, ఆయన లోపల కూర్చుని ప్యాంటుకు జేబు కుడుతున్నాడు.

ఇదేం మర్యాద? ఆరువందల మంది ఉన్న మా ప్రార్థన గ్రూపు ఒక్క మాట మీద నిలబడ్డాక, ఒక మనిషి ఇంత మొండిగా ఊపిరి పీల్చవచ్చా?

వాట్సాప్‌లో పలుకుబడి ఉన్నవాళ్లను అందరూ తిడతారు. నేను తిట్టను. వాళ్లే లేకపోతే ప్రతి విషయం మనమే ఆలోచించుకోవాలి. అంత తీరిక ఎవరికుంది?

జరిగింది ఇంతే. చర్చి క్వయర్‌లో పాతికేళ్లు పాడినందుకు సుందర్ రావుకు సన్మానం చేశారు. మెడలో దండతో ఆయన ఫొటో గ్రూపులో పడింది. కింద ఒక్క ముక్కా రాయలేదు. దండ ఉంది, మనిషి నవ్వుతున్నాడు. అలాంటి ఫొటోకు మన ఇళ్లలో అర్థమేమిటో నేను చెప్పాలా?

గ్రూపుకు అడ్మిన్ ఒక రిటైర్డ్ టీచరమ్మ. పేరు రాయను, నాకు గ్రూపు కావాలి. "ప్రభువు పిలుచుకున్నాడు" అని ఆవిడ పెట్టగానే ఆమెన్‌ల వరద! సన్మానంలో బిర్యానీ తిన్నవాళ్లూ ఆమెన్ అన్నారు. ఫొటో తెరవకుండానే సుందర్ రావు కూడా ఒక ఆమెన్ కొట్టాడు. పలుకుబడి అంటే అదీ!

చిక్కల్లా క్రిస్మస్ బట్టల దగ్గర వచ్చింది. ఆయన ఇల్లు ఏడాదంతా గడిచేది ఆ కుట్టుకూలి మీదే.

"అన్నా, మా గుడ్డ మాకియ్యి. వేరే టైలర్‌కు ఇచ్చుకుంటం" అంది జ్యోతి.

"నేనే కుడ్తాన గద చెల్లె. నీ ముందటనే ఉన్న."

"ఉన్నట్టే కనబడ్తానవ్. గని గ్రూపుల అట్ల లేదు గదన్నా."

ఆయన "నేను బతికే ఉన్న" అని గ్రూపులో పెట్టాడు. చనిపోయినాయన ఫోన్ ఎవరో కొట్టేశారని డేవిడ్ హెచ్చరించాడు. అడ్మిన్ వెంటనే ఆ నంబర్ తీసేశారు. ఎంత అప్రమత్తత!

ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. ముందు వరుసలో సుందర్ రావు. దుకాణంలో గుడ్డలన్నీ వెళ్లిపోయాయి కాబట్టి ఆయనకూ తీరికే.

"మొదలు ఎవరన్నరు?" అని అడిగాడు.

"నేను గ్రూపుల నా పైనోళ్ల మెసేజులు చూసి పెట్టిన మామా" అన్నాడు డేవిడ్. పైనోళ్లూ అదే మాట. ఆ పైన ఉన్నది ఎవరో తెలిసి, అందరూ ఒక్కసారిగా నేల చూపులు చూశారు.

నిజం చెప్పనా? ఆయన బతికున్నాడని తెలియనివాడు అక్కడ ఒక్కడూ లేడు. నాకూ తెలుసు. నేనూ నేలే చూశాను.

సుందర్ రావు లేచి, మైకు పట్టుకున్న ఆవిడకు ఎదురుగా నిలబడ్డాడు.

"సుశీల టీచర్, నన్ను సంపింది మీరే."