పాత ఇటుకకు వయసు సర్టిఫికెట్

బెజవాడలో ఆఫీసు టవర్ 'పర్యావరణహితం' అనిపించుకోవాలంటే చెయ్యాల్సిన పనులివి: పడమటి వైపు నిలువెత్తు అద్దాలు బిగించాలి. కిటికీలు తెరుచుకోకుండా చూడాలి. మనుషులు ఉడికిపోకుండా ఏసీ పెట్టాలి. ఏసీ తగ్గించండని గోడకి బోర్డు కొట్టాలి. పాత ఇటుకలు తేవాలి. అవి పాతవేనని రుజువు చెయ్యాలి.

నవ్వకండి! కృష్ణా డెల్టాకి ఇంతకంటే మేలు ఇంకోటి జరగలేదని నా గట్టి అభిప్రాయం. మా వంశంలో మొదటి డిగ్రీ నాది. ఆ టవర్‌కి సైట్ ఇంజినీర్ని నేనే.

మనవాళ్ళు మరీ అమాయకులండీ. ఇల్లు కూలిస్తే దూలం పక్కింటికి పోతుంది, పెంకులు గేదెల పాకెక్కుతాయి, గుమ్మం తమ్ముడి ఇంటికి కుదురుతుంది. ఒక్కడి దగ్గరైనా సర్టిఫికెట్ ఉందా? సర్టిఫికెట్ లేకుండా చేస్తే అది పర్యావరణం ఎలా అవుతుంది? ఉత్త లేమి!

మా రిసెప్షన్ గోడకి చల్లపల్లి వైపు కూల్చిన రైస్‌మిల్లు ఇటుకలు తెచ్చాం. వాటికంటుకున్న సున్నం గీకడానికి కంకిపాడు నుంచి శౌరమ్మ వచ్చేది. రిసెప్షన్ బాగా కుదిరితే పై అంతస్తుల పనీ ఆమెకేనని మాటిచ్చాం. నెలరోజులు ఒక్కో ఇటుకకీ పసిపిల్లకి పోసినట్టు నీళ్ళు పోసి కడిగింది.

పర్యావరణ సర్టిఫికెట్‌కి పాయింట్లు వెయ్యడానికి తనిఖీకొచ్చిన ఆఫీసరు గోడ చూసి పెదవి విరిచాడు. "ఇవి కొత్తవి. పాయింట్లు రావు."

"కొత్తయ్యేంటి బాబూ! మా తాత పుట్టకముందు కాల్చినయ్యి," అంది శౌరమ్మ.

"రుజువేదమ్మా?"

"గీకి పారేశాగా! గీకమంది మీవోళ్ళేగా!"

మా మేనేజర్ ఛాయాదేవిగారు చురుకైన మనిషి. ఆ గోడ పీకించి, బట్టీ నుంచి కొత్త ఇటుకలు తెప్పించారు. వాటికి సున్నం పూయించి, టీ డికాషన్ చల్లించి, అక్కడక్కడా పెచ్చులూడగొట్టించారు. ఆఫీసరు మళ్ళీ వచ్చి గోడని తడిమి, "అబ్బ! పాతదనమంటే ఇదండీ!" అన్నాడు. సర్టిఫికెట్ వచ్చేసింది! రైస్‌మిల్లు ఇటుకలు గుంత పూడ్చడానికి పోయాయి.

అతిగా శుభ్రం చేసిందని శౌరమ్మని మానిపించారు. వెళ్తూ వెళ్తూ నన్నే అడిగింది. "మురికి ఉంచాలని ముందే చెప్పొద్దా నాయనా?"

కొత్త ఇటుకలు నూరేళ్ళ నాటివని రాసిన కాగితం మీద సంతకం నాదే.

మీ వైపు ఎక్కడైనా పాత గోడ కూలుస్తుంటే కంకిపాడుకి ఒక కబురు పెట్టండి. ఆమెకిప్పుడు పని లేదు. పేరు శౌరమ్మ. దయచేసి గుర్తుపెట్టుకోండి.