మూత్రపిండాల దగ్గర ముగిసిన మనిషి

రానున్న పదో తరగతి పరీక్షల నిమిత్తం మా ఉన్నత పాఠశాలలో మానవ శరీరాన్ని సవరించడమైనది. ఇకపై అది తలతో మొదలై మూత్రపిండాల దగ్గర ముగుస్తుంది. డెబ్భై ఆరో సంవత్సరం చివర హెడ్మాస్టరు రామనారాయణ గారు చేసిన ఈ ఏర్పాటును ఉదయగిరి చుట్టుపక్కల పెద్దమనుషులంతా ముక్తకంఠంతో ఆమోదించారు. మూత్రపిండాల తర్వాత ఏముందో తెలియక కాదు. తెలిసే ఆమోదించారు.

పాఠ్యపుస్తకం అచ్చు వేసినవారికి మా ఊరి మర్యాద తెలియదు. పాపం, మూత్రపిండాల తర్వాత ఇంకో పాఠం వేశారు, అదీ బొమ్మలతో సహా. దాని సంగతి చూసుకునే బాధ్యత జీవశాస్త్రం చెప్పే వెంకటరమణయ్య గారి మీద పడింది. ఆయన దగ్గర అప్పటికే ఒక బక్కెట్టు మైదా జిగురు ఉంది. కుటుంబ నియంత్రణ ప్రచారం అయ్యవార్లే చేయాలని ఆ ఏడు పైనుంచి గట్టి ఉత్తర్వులు వచ్చాయి. పొద్దున్నే బస్టాండు గోడల మీద ఎర్ర త్రికోణం పోస్టర్లు అంటించి, మిగిలిన జిగురుతో బడికొచ్చి, పదో తరగతి పిల్లల పుస్తకాల్లో ఆ పాఠం పేజీలను ఒకదానికొకటి అంటించేవారు. అదే బక్కెట్టు, అదే కుంచె. గోడ మీద ఊరందరికీ విప్పి చెప్పేదాన్ని పుస్తకంలో మూసేయడమేమిటని తమబోటి వారు అడగవచ్చు. గోడ చూసేవాళ్లు వేరు, చదువుకునేవాళ్లు వేరు. చదువుకునేవాళ్లకు అన్నీ తెలియడం దేశానికి మంచిది కాదు.

రివిజన్ మాత్రం దివ్యంగా సాగింది. "గుండెకు గదులెన్నిరా?" అని అయ్యవారు అరిస్తే, "నాలుగు సార్!" అని పిల్లలు అరిచేవారు. బస్టాండులో సోడాలు కొట్టే యాసిన్‌కు కూడా గుండె గదులు కంఠతా వచ్చేశాయి. మూత్రపిండాల తర్వాత ఏం చదవాలి సార్ అని ఒకడు లేచి అడిగితే, "మళ్లీ తలకాయ కాడి నుంచి చదువురా" అని అయ్యవారు సెలవిచ్చారు.

ఈ చక్కటి క్రమశిక్షణకు ఒక చెరువుగట్టు పిల్ల గండి కొట్టింది. పేరు చెంచమ్మ. చెరువులో చేపలు పట్టే పోలేరయ్య కూతురు. వాళ్ల గుడిసెల్లో పదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. పాసైతే నెల్లూరులో నర్సు శిక్షణకు పోవచ్చు. తప్పితే చేపల గంప నెత్తిన పెట్టుకుని ఆత్మకూరు సంతకు పోవాలి. పాత ప్రశ్నపత్రాలు చూస్తే ఏటా ఒక పెద్ద ప్రశ్న ఆ అంటించిన పాఠం నుంచే వస్తోంది. అర్ధసంవత్సర పరీక్షలో సైన్సు కొద్ది మార్కుల్లో తప్పింది కూడా. అందుకని ఆ పిల్ల ఎసరు మరిగే కుండ మీద పుస్తకం పట్టుకుంది. జిగురుకు మర్యాద తెలుసు గాని, ఆవిరి ముందు నిలవలేకపోయింది. పేజీలు విడిపోయాయి. పాఠమంతా శ్రద్ధగా చదువుకుంది.

అదే సమయంలో వెంకటరమణయ్య గారికి పెద్ద కష్టం వచ్చిపడింది. ఆత్మకూరు శిబిరంలో కుటుంబ నియంత్రణ ఆపరేషనుకు ప్రతి అయ్యవారూ ఒక మనిషిని తేవాలి, తేకపోతే జీతం ఆగుతుంది. ఒంట్లో ఉన్న ఎముకలన్నిటి పేర్లూ నోటికొచ్చిన ఆయనకు ఒంటితో సహా ఒక్క మనిషి దొరకలేదు. చివరికి ఐదుగురు పిల్లల తండ్రి పోలేరయ్య గుర్తుకొచ్చి, చెరువుగట్టుకు వెళ్లారు.

"ఏంది అయివోరా, కోస్తే బలం పోతాదంటనే? రేపు వల ఎవురు లాగేది?" అన్నాడు పోలేరయ్య.

అయ్యవారు గొంతు సవరించుకున్నారు. ఆకాశం కేసి చూశారు. "అది... దేశానికి మంచిది పోలేరయ్యా" అన్నారు.

"దేశానికి సరే. నాకేమవతాదో చెప్పు సామీ. ఏం కోస్తారు? యాడ కోస్తారు?"

అయ్యవారి చెవులు ఎర్రబడ్డాయి. మూత్రపిండాల కన్నా కిందికి దిగే అలవాటు ఆయన పాఠాలకు లేదు. ఇక లేచి పోదామనుకుంటుండగా గుడిసె లోపలి నుంచి చెంచమ్మ గొంతు వినబడింది.

"బలం యాడికీ పోదు నాయనా. లోపల దారమంత సన్నటి నాళాలు రెండుండాయి. వాటిని కత్తిరించి ముడేస్తారు. ఇంక పిల్లలు పుట్టరు, అంతే. నీ కండలు నీకే ఉంటాయి, వల లాక్కోవచ్చు. అమ్మ ఇంకో కానుపుకు తట్టుకోలేదు. పోయి రా నాయనా."

పోలేరయ్య కాసేపు తల గోక్కున్నాడు. "ఇంత సుళువా? ఈ మాట ముందే చెప్పొచ్చు గదా అయివోరా!" అని శిబిరం జీపెక్కాడు.

అయ్యవారి జీతం వచ్చింది. జీతంతో పాటు సందేహం కూడా వచ్చింది. ఈ పిల్లకు ఇదంతా ఎవరు చెప్పారు? తాను చెప్పలేదని ఆయనకు ఖాయంగా తెలుసు. మర్నాడే పుస్తకాల తనిఖీ జరిగింది. చెంచమ్మ పుస్తకం దొరికిపోయింది.

బళ్లో ఊరి పెద్దలతో సభ జరిగింది. రామనారాయణ గారు కండువా సర్దుకుని ఉపన్యసించారు. "పదిహేనేళ్ల పసిపిల్ల! ఇది తెలుసుకోవలసిన వయసా? మన సంస్కృతి ఏమైపోవాలి? ఈ బాలిక మనసు పరిశుభ్రమయ్యే వరకు హాల్ టికెట్టు ఇవ్వడం కుదరదు. అక్టోబరులో రాసుకోవచ్చు."

చెంచమ్మ లేచి నిలబడింది. "నేను చెప్పబట్టే గదా సార్, మా నాయన వచ్చినాడు? సారుకు జీతం వచ్చినాది?"

"మీ నాయన వచ్చినందుకు ప్రభుత్వం తరఫున అభినందిస్తున్నాను. నువ్వు చదివినందుకు శిక్షిస్తున్నాను. దేని దారి దానిదే" అన్నారు హెడ్మాస్టరు గారు. ఇంత చక్కటి తీర్పు వింటే ఎవరికైనా ఒళ్లు మండాలి. మా వాళ్లు చప్పట్లు కొట్టారు. వెంకటరమణయ్య గారు అందరికన్నా గట్టిగా కొట్టారు.

మార్చిలో ప్రశ్నపత్రం వచ్చింది. పెద్ద ప్రశ్న ఆ పాఠం నుంచే వచ్చింది. పరీక్ష హాల్లో ఉన్న పిల్లలందరూ గుండె బొమ్మ గీసి, నాలుగు గదులూ చూపించి లేచారు. జవాబు తెలిసిన పిల్ల ఆ పూట చెరువులో నాయన పక్కన వల లాగుతోంది.

హెడ్మాస్టరు గారు మాత్రం ఆమెను మరచిపోలేదు. "అన్నీ తెలిసిన పిల్లను ఇంట్లో పెట్టుకోకూడదు పోలేరయ్యా" అని పిలిచి మరీ చెప్పారు.

"అది నర్సు సదువు సదవాలంటాది సారూ. అక్టోబరు దాకా చూస్తే..."

"వయసొచ్చిన పిల్లకు అక్టోబరు దాకా ఆగడమేంది?" అని కోప్పడి, జలదంకిలో తమ పొలం చూసే కుర్రవాణ్ణి తామే ఖాయం చేశారు. పోలేరయ్య ఎదురు చెప్పలేకపోయాడు.

మే నెల ఎండల్లో పెళ్లి జరిగింది. ఊరి పెద్దలంతా విచ్చేశారు. రామనారాయణ గారు మైకు అందుకుని, తల దించుకుని కూర్చున్న చెంచమ్మను ఆప్యాయంగా చూస్తూ, చెరువు అవతలి గట్టుకు కూడా వినబడేలా దీవించారు: "ఏడాది తిరిగేలోగా పండంటి మగబిడ్డను ఎత్తుకో తల్లీ!"

పందిట్లో ఆడవాళ్లున్నారు, బడిపిల్లలున్నారు. ఎవరూ సిగ్గుపడలేదు. అందరం అక్షింతలు వేసి భోజనాలకు లేచాం.