నెట్టులో వెళ్ళిన గంగమ్మ పాట

ఆ ఉదయం సీతాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తను డిగ్లీపూర్ బస్సు ఎక్కనివ్వకూడదు, అంతే.

దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో మరిది నూకన్న కొత్త పడవ కట్టించాడు. పడవ నీళ్ళలో దిగాలంటే ఇంటి పెద్దావిడ గంగమ్మ పాట పాడాలి. పాట పూర్తయితేనే పడవను నెడతారు. ఆ పెద్దావిడ, అంటే సీతాలు అత్త అప్పలకొండమ్మ, ఉండేది దక్షిణాన ప్రోతరాపూర్‌లో, సీతాలు ఇంట్లో. మధ్యలో పొద్దస్తమానం సాగే ప్రయాణం, అడవి, ఆ అడవిలో పోలీసు కాపలాతో బళ్ళన్నీ వరసగా సాగే కాన్వాయ్, బస్సునే ఎక్కించుకుపోయే బోటు. అత్త గుండె ఆగుతుందో, మోకాలు విరుగుతుందో, బోటే మునుగుతుందో సీతాలు తేల్చుకోలేదు గానీ, ఏదో ఒకటి జరిగి తీరుతుందని మాత్రం ఆమెకు నమ్మకం.

"రికార్డు చేసి పంపుదాం అత్తా," అంది.

"పెట్టిలో పాట సద్దన్నం. గంగమ్మకి సద్దన్నం పెడతావేటే? అప్పటికప్పుడు పాడాల," అంది అప్పలకొండమ్మ, మూట కట్టుకుంటూ.

అడ్డుపడింది సీతాలు కొడుకు గణేశ్వరరావు. హాడోలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం అతనిది. "లైవ్ పెడదాం నానమ్మా. ఫోనైతే ఊరికే కట్ అయిపోద్ది. దీనికి ఫ్రీ సాఫ్ట్‌వేర్లున్నాయి. ఒకటి నీ గొంతు పట్టుకుంటది, ఇంకోటి దాన్ని పిండి చిన్న ఎంపీత్రీ చేస్తది, మరోటి నెట్‌లో వదుల్తది."

"ఊరికే ఎందుకిస్తార్రా? మన గొంతులు ఎత్తుకుపోడానికి కాదూ?" అంది సీతాలు.

"నానమ్మ గొంతు ఎత్తుకుపోయి వాళ్ళేం చేసుకుంటారమ్మా? టెన్షన్ మత్ లో, బెంగపడకు."

అప్పలకొండమ్మ మైకు ముందు కూర్చుని పాట ఎత్తుకుంది. అక్కడ ఒడ్డున నూకన్న ఫోను మైకుసెట్టుకు తగిలించాడు. రెండు చరణాలకే నెట్ ఈడ్చుకోవడం మొదలైంది. గణేశ్వరరావు బిట్‌రేట్ తగ్గించాడు, అంటే పాటను మరింత పిండాడు. చాలకపోతే ఇంకా పిండాడు. అలల హోరు మీంచి కూడా వినబడే ముసలమ్మ గొంతు డిగ్లీపూర్ మైకులో నూతిలోంచి వచ్చినట్టు గురగురమంది. "అ...మ్మా..." అని సాగింది. ఆగిపోయింది.

"సగంలో తెగిపోయింది నానమ్మా. ఇంకోసారి పాడు."

"గంగమ్మ పాట మళ్ళీ మళ్ళీ పాడతారేటి? నా పాటని పిండి పిప్పి సేసీసినావు," అని అప్పలకొండమ్మ లోపలికి పోయి ముసుగుతన్నింది. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడనని తేల్చేసింది.

సీతాలు ఫోను మోగింది. నూకన్న. "అమ్మా, బాబాయ్‌ని భయపెట్టకు. శాంతంగా ఏం లేదని చెప్పు, అంతే," అని తల్లి చేతిలో పెట్టి, రీఛార్జి కోసం దుకాణానికి పోయాడు గణేశ్వరరావు.

"ఒదినా, అమ్మకేటైంది?"

"ఏటీ అవనేదు నూకన్నా. బాగుంది."

నూకన్నకు అనుమానం వచ్చింది. గాలి వీస్తే తుఫాను, తుమ్మితే న్యుమోనియా అనే వదిన, కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎవరినీ బాగుందని అనలేదు.

"నిజం సెప్పొదినా."

"నిజమే నాయనా. కంగారుపడకు."

ఆ మాటతో నూకన్న భయం రెట్టింపైంది. "అమ్మకియ్యి ఫోను."

"ముసుగెట్టుకుని పడుకుంది. మాటాడతం నేదు."

"ఎవులితోనూ?"

"ఎవులితోనూ."

అవతల గొల్లుమని ఏడ్చారు. లైను తెగింది. సీతాలు మళ్ళీ చేస్తే కలవలేదు.

డిగ్లీపూర్ నుంచి కబురు ఫోన్లలో ఊరంతా పాకింది, సీతాలుకు తప్ప. కాసేపటికి ఎదురింటి కాసులమ్మ ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చి, సీతాలును వాటేసుకుంది. వెనకే ఆమె మొగుడు గవరయ్య ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వాకిట్లో వేశాడు. "ధైర్యంగా ఉండాల దీదీ," అన్నాడు తల వంచుకుని.

సీతాలుకు మొగుడు గుర్తొచ్చాడు. భర్త పోలిరాజు షిప్పు డ్యూటీ మీద చెన్నై పోయాడు. షిప్పు మునిగిందన్నమాట. ఊరందరికీ తెలిసి తనకే తెలియలేదన్నమాట. గడప మీద కూలబడి శోకాలు మొదలెట్టింది. ఇక అనుమానమున్న వాళ్ళకు కూడా తీరిపోయింది.

తిరిగి వచ్చిన గణేశ్వరరావు కుర్చీలు చూసి ఆగిపోయాడు. "ఎవరు పోయారు?"

"మీ నాన్న," అంది సీతాలు. "మీ నానమ్మ," అంది కాసులమ్మ.

"నాన్న ఇప్పుడే ఫోన్ చేశాడు, లుంగీ మర్చిపోయాడంట. నానమ్మ లోపలుంది."

"ఎవులే ఆ ఏడుపు? కునుకు తియ్యనివ్వరేటి?" అని లోపల్నుంచి వినబడింది. గవరయ్య తాను తెచ్చిన కుర్చీలోనే కూలబడ్డాడు.

నూకన్నకు కబురు చెబుదామంటే ఫోను అందలేదు. అప్పటికే అతను బయల్దేరిన జీపు అడవిలో ఉంది. మర్నాడు పొద్దెక్కేసరికి వాకిట్లో ఆగింది. నూకన్న, భార్య బుల్లమ్మ దండతో దిగారు. అప్పలకొండమ్మ అరుగు మీద చేపలు కోస్తోంది.

నూకన్న తల్లి కాళ్ళ దగ్గర పడి ఏడ్చాడు. ఆ ఏడుపు కోపంలోకి తిరిగే లోపే ముసలమ్మ అడిగింది. "పడవ నీట్లో దిగిందేట్రా?"

"మైలొచ్చిందని ఆపీసినామే."

"అయితే నేనే రావాల. జీపులో సోటుందేటి?"

"ఉంది."

"వద్దత్తా," అంది సీతాలు. "ఆ రోడ్డుకి నీ ఒళ్ళు ఆగదు. నూకన్నా, అత్తకి ఒంట్లో బాగోలేదు, నా మాట విను."

"నిన్న బాగుందన్నావు, నమ్మలేదు. ఇయాల బాగోలేదంటే నమ్మాలా ఒదినా?"

బుల్లమ్మ దండను ఏం చెయ్యాలో తోచక జీపు ముందు కట్టింది. అప్పలకొండమ్మ మూట తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. సీతాలు చేతికందిన మాత్రలు, వేణ్ణీళ్ళు, తువ్వాళ్ళు సంచిలో కుక్కుకుని, అత్త దారిలో ఏమైపోతుందోనని తనూ ఎక్కింది.

కాన్వాయ్ గేటు రాకముందే జీపు ఆపించాల్సి వచ్చింది. రోడ్డు పక్కన వాంతులు ఆగేదాకా సీతాలు తల పట్టుకుని నిలబడింది అప్పలకొండమ్మే.