ఇసుకలో చెయ్యి

ఆదివారం పొద్దున్నే మైపాడు సముద్రపొడ్డుకు వెళ్ళి, ఎనిమిదింటికల్లా ఒక అస్థిపంజరాన్ని గోతాంలో వేసుకుని ఇంటికి తిరిగి రావాలని గిరిబాబు పథకం. జువాలజీ లెక్చరర్లకు ఇలాంటి ఆదివారాలు ఉంటాయి, మనం తప్పుపట్టకూడదు. సోమవారం వెంకటాచలంలో అతని కాలేజీకి తనిఖీ. ల్యాబులో వెన్నెముక ఉన్న జంతువు ఒక్కటైనా కనపడకపోతే నీ ఉద్యోగానికి వేరే మనిషిని చూసుకుంటానని ప్రిన్సిపాల్ క్యాథరిన్ మేడమ్ తేల్చి చెప్పేసింది. మూడు నెలల కిందట ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ పిల్ల కళేబరాన్ని గిరిబాబు సరుగుడు తోపు పక్కన ఇసుకలో పూడ్చిపెట్టాడు. ఈపాటికి పురుగులు తమ పని ముగించి ఉంటాయని అతని లెక్క.

ఆటో దిగేసరికి సముద్రం కనపడనంత మంచు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. సరుగుడు తోపు దగ్గర యాభైమంది గుండ్రంగా నిలబడి కిందికి చూస్తున్నారు. రాత్రి పోటు ఇసుకను కోసేసింది. లోపలి నుంచి ఒక చెయ్యి పైకి లేచి ఉంది. తెల్లటి ఎముకలు, మణికట్టు, ఐదు వేళ్ళు. ఎవరినో ఆగమంటున్నట్టు ఉంది.

"ఎవురో పాపం," అంది జాలర్ల పెద్దావిడ వెంకటశేషమ్మ. ఆ ఒడ్డున ఆమె మాటకు తిరుగులేదు. "అయినోళ్ళు వచ్చి మూడు గుప్పెళ్ళ ఇసక పోస్తేగాని పడవలు దిగేదానికి లేదు." కొట్టుకొచ్చిన శవం ఎవరిదైనా సరే, అక్కడి ఆచారం అది.

గిరిబాబు గుంపులోకి తోసుకెళ్ళాడు. "అమ్మా, అది మనిషి కాదు, డాల్ఫిన్."

"డాల్ఫిన్‌కి చేతులు యాడుంటాయి సార్?" అన్నాడు ఎండుచేపల వ్యాపారి నాగుల్ మీరా. "పుట్టినకాడి నుంచి చూస్తా ఉండా. ఉండేది రెక్కలే."

"ఆ రెక్క లోపల ఉండేది చెయ్యే. నాకు తెలుసు. నేనే పూడ్చాను."

గుంపు రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎప్పుడు?"

"మూడు నెలలయింది. జనం గోల చేస్తారని తెల్లారకముందే వచ్చి..."

నిజం చెప్పడానికి కూడా కాస్త నేర్పు ఉండాలి. నాగుల్ మీరా గొంతు తగ్గించాడు. "సార్, ఎండుచేపలకి వారం వారం మీతో వచ్చే మీ ఇంటామె మూడు నెల్లుగా కనపళ్ళేదే?"

గిరిబాబు భార్య వెన్నెల కానుపుకు చిట్టమూరులో పుట్టింటికి వెళ్ళింది. అతను ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. "వెన్నెలా, ఇక్కడ ఎముకల దగ్గర జనం చేరారు. నువ్వు బతికే ఉన్నావని వీళ్ళకొకసారి చెప్పు!"

సిగ్నల్ అంతంతమాత్రం. కాసేపు గాలి హోరు. తర్వాత నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు ఆమె గొంతు: "మళ్ళా... నన్ను ఆ ఎముకల్లోకి... లాగతా ఉండారే..." అంతటితో ఫోన్ ఆగిపోయింది. వెనక ఎవరో దండకం ఎత్తుకున్నారు. ఇంకెవరో పోలీసులన్నారు.

గిరిబాబు ఆ ఎముకల పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "అయ్యా, మన వేలికి మూడే ఎముకలు. దీని వేలికి ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి!"

నాగుల్ మీరా వంగి లెక్కపెట్టాడు. ఏడు దగ్గర చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మనిషి కాదని అందరికీ అర్థమైంది. దాంతో భయం తగ్గాలి. ఇంకాస్త పెరిగింది.

"భయపడకండి, ఇది మనకు చుట్టమే," అన్నాడు గిరిబాబు. భయమేస్తే అతనికి పాఠం వచ్చేస్తుంది. "చేపలు, కప్పలు, పాములు, పక్షులు, మనం, అందరిదీ ఒకటే వంశం. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో ఎముకే లేని పుల్లంత జీవి ఉండేది. దాని వీపులో ఒక మెత్తటి కడ్డీ, దాని మీద నరాల తాడు, గొంతు పక్కన చీలికలు, వెనక తోక. అమ్మ కడుపులో ఉండగా ఆ గుర్తులన్నీ మనకూ వస్తాయి. ఆ కడ్డీ చోటే వెన్నెముక కట్టుకుంటుంది."

"తోక కూడానా?" అంది వెంకటశేషమ్మ.

"మొదలు ఇంకా మిగిలే ఉంది. నడుము కింద తడిమి చూసుకోండి."

ఆ మంచులో యాభైమంది చేతులు వెనక్కి పోనిచ్చారు. నాగుల్ మీరా గడ్డం కింద గొంతు కూడా తడుముకున్నాడు. ఎవరూ లేదనలేదు. చెప్పినవాడు కూడా ఒకసారి తడిమి చూసుకున్నాడు.

నమ్మారు! గిరిబాబు హమ్మయ్య అనుకుని గోతాం విప్పాడు. వెంకటశేషమ్మ దాన్ని చేతిలోంచి లాగేసింది.

"ఏంది సార్ ఇది? సుట్టమని నువ్వే చెప్తివి. సుట్టాన్ని గోతాంలో కుక్కి తీసకపోతావా?"

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, రేపు నా ఉద్యోగం పోతుంది!"

"ఇన్ని పడవలు ఆగిపోయి ఉండాయి. దీనికి అయినోడు నువ్వొక్కడివే కనపడతా ఉండావు. మూడు గుప్పెళ్ళు పొయ్యి. మూడు దినాలు మైల కూడా పట్టు."

"మా సాయిబుల కాడ కూడా సమాధికి మూడు గుప్పెళ్ళే సార్," అని నాగుల్ మీరా భుజం తట్టాడు. "కానీండి."

గిరిబాబు పోశాడు. మూడో గుప్పెడుకు నిజంగానే ఏడుపొచ్చింది. ఉద్యోగం కోసమో, ఆ చిన్న చేతి కోసమో అతనికే తెలియలేదు. ఐదు వేళ్ళూ ఇసుకలోకి మునిగాక పడవలు ఒకటొకటిగా మంచులోకి దిగాయి.

సోమవారం కాలేజీకి అస్థిపంజరం రాలేదు, సెలవు చీటీ వచ్చింది. కారణం: దగ్గరి బంధువు మరణం. తల్లి తరపా, తండ్రి తరపా అన్నచోట గిరిబాబు 'వెన్నెముక తరపు' అని రాశాడు.