ఆవిరి కట్టిన కారు

ఆ ఆదివారం పొద్దున కన్నమ్మ అనుకున్న పని చాలా చిన్నది. చద్దన్నం మూట కట్టుకుని, కొండ అవతలి ఎస్టేటుకు పోయి, ద్రౌపదిని ఇంటికి తెచ్చుకోవాలి. వచ్చాక ముద్దపప్పు, వంకాయ కూర. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. చెడగొట్టడానికి మాత్రం ఇంట్లో ఒక మొగుడూ, వాకిట్లో ఒక కారూ ఉన్నాయి.

ద్రౌపది ఆమెకు తోడబుట్టిన చెల్లెలు కాదు, ఓడలో దొరికిన చెల్లెలు. మద్రాసు రేవులో ఒకే ఓడ ఎక్కినవాళ్ళు ఫిజీలో దిగేసరికి అక్కలూ తమ్ముళ్ళూ అయిపోతారు. ఆ చుట్టరికం రక్తసంబంధానికేమీ తీసిపోదు. దిగగానే దొరలు ఒకరిని ఒక ఎస్టేటుకూ, ఇంకొకరిని ఇంకో ఎస్టేటుకూ పంచేశారు. విడిపోతూ ఏడుస్తున్న ద్రౌపదికి, "నీ గిర్మిట్ తీరిన నాడు నేనే వచ్చి తీసుకుపోతా" అని కన్నమ్మ మాటిచ్చింది. తన అయిదేళ్ళ కూలి ఒప్పందం ఎప్పుడో తీరింది. ద్రౌపది జ్వరంతో పడుకున్న రోజులన్నీ గడువుకు కలుపుకుంటూ పోయారు గనక, పాపం, ఆమెకు నిన్నటికి గానీ తీరలేదు. ఈ మధ్యాహ్నానికల్లా కూలీల లైన్లలో గది ఖాళీ చెయ్యాలి. ఎవరూ రాకపోతే మళ్ళీ ఇంకో గిర్మిట్‌కు వేలిముద్ర వెయ్యమని కూలీల మేస్త్రీ సర్దార్ అప్పుడే చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడట. నీకెవరొస్తారని తోటివాళ్ళు నవ్వుతున్నారట కూడా.

ఇక మొగుడి సంగతి. మునియ్య మంచివాడు. చెరుకు బాగా పండిస్తాడు. కానీ ఊరొదిలి పోతున్న ఒక దొర కారు అమ్ముతున్నాడని తెలిసిన రోజు అతనికి బుద్ధి గడ్డి తిన్నది. దుక్కిటెడ్లు నల్లోడినీ మచ్చోడినీ పక్క పొలం రామ్ ప్రసాద్‌కి అమ్మేసి కారు కొన్నాడు. రారవాయి చుట్టుపక్కల కారున్న గిర్మిటియా తనొక్కడే. దానికి కొబ్బరినూనె రాసి తుడిచిన వైభోగం చూసి, ఏనాడైనా తన తలకు ఆ మాత్రం నూనె రాశాడా అని కన్నమ్మ నాలుగు రోజులు మాట్లాడటం మానేసింది. ద్రౌపదిని కారులో తెస్తే లైన్లలో నవ్వినవాళ్ళ నోళ్ళు మూతపడతాయని చెప్పి ఎలాగో ఒప్పించాడు.

సరిగ్గా బయలుదేరే వేళకు వీరస్వామి వచ్చాడు. అతనూ ఆ ఓడవాడే, కన్నమ్మకు తమ్ముడు. రారవాయి మిల్లులో చెరుకు బళ్ళు లాగే రైలింజనుకు బొగ్గు వేస్తాడు. యంత్రాల విషయంలో తనకు తెలియనిది ఒక్కటే ఉందనీ, అది ఇంకా ఎవరూ కనిపెట్టలేదనీ అతని నమ్మకం.

మునియ్య కారు ముందు కడ్డీ తిప్పి తిప్పి, ఆయాసపడి, చివరికి ఇంజను అందుకునేలా చేసి, ఎక్కి కూర్చున్నాడు. అది బుద్ధిగా టకటకమంటోంది.

"దిగు బావా" అన్నాడు వీరస్వామి. "ఇట్లనే కొండెక్కిస్తావా ఏంది? ముందు ఆవిరి కట్టాల."

"దీనికి ఆవిరి లేదంట. దొర చెప్పినాడు. నిలబడినప్పుడు చక్రం కింద వేగం పెంచే ఈ పుల్లను ఊరికే పైకి తోస్తే ఇంజను పాడైపోతుందన్నాడు."

"ఆయన ఏనాడైనా బొగ్గేసినాడా? నిలబెట్టి బాగా కాగనియ్యకుండా ఏ ఇంజనూ కొండెక్కదు. నేను రోజూ చూస్తాండా."

మునియ్యకు ప్రాణం ఉసూరుమంది. కాదందామంటే, పెళ్ళాం ఎదురుగా ఆమె తమ్ముడిని తీసిపారేసిన మొగుడు ఆ రాత్రి అన్నం తిన్నట్టు ఎక్కడా దాఖలా లేదు. మింగలేక కక్కలేక పక్కకు జరిగాడు.

వీరస్వామి కూర్చుని పుల్లను చివరిదాకా తోశాడు.

కారు గావుకేక పెట్టింది. కోళ్ళు ఎగిరి ఇంటి కప్పెక్కాయి. దండెం మీద చీర జారి బురదలో పడింది. వంకాయల గంప దొర్లిపోయింది. కారు కదలకుండా నిలబడే నిలువెల్లా వణుకుతోంటే, కన్నమ్మ చెవులు మూసుకుని ఇది క్షేమమేనా అని అడిగింది. ఆ మాట ఎవరికీ వినపడలేదు. వీరస్వామి మధ్యమధ్య దిగి మూత మీద అరచెయ్యి పెట్టి చూసి, ఇంకా కాగలేదని సైగ చేసి మళ్ళీ ఎక్కుతున్నాడు. కొసకు కారు ముందు భాగం నుంచి బుస్సుమని తెల్లటి పొగ లేచింది.

మునియ్య తల పట్టుకున్నాడు. వీరస్వామి ముఖం వెలిగిపోయింది.

"చూసినావా బావా? లేదన్నాడే మీ దొర? కట్టింది ఆవిరి!"

ఆ ఆవిరి చెరుకు తోట మీదుగా పైకి పోయింది. కోతల కాలం, ఎండిన ఆకు. ఆ రోజుల్లో చెరుక్కు నిప్పంటుకుంటే ఎవరి పొలమని ఎవరూ అడగరు. తడి గోతాలు, పచ్చి కొమ్మలు పట్టుకుని ఊరంతా పరుగెత్తాల్సిందే. పక్క పొలంలో రామ్ ప్రసాద్ ఆ తెల్లటి పొగ చూశాడు, ఆ రొద విన్నాడు, "ఆగ్ లగా!" అని, నిప్పంటుకుందని హిందీలో ఒక్క అరుపు అరిచాడు.

మునియ్య తేరుకునేలోపు వాకిలి జనంతో నిండిపోయింది. పొగ ఎక్కడ ఉందో అక్కడ కొట్టడమే వాళ్ళకు తెలుసు. తడి గోతాలతో కారును ఎడాపెడా బాదారు. పచ్చి కొమ్మలతో సీట్లు బాదారు. అడ్డం వచ్చిన వీరస్వామి వీపు కూడా బాదారు. ఇది నిప్పు కాదురా, ఆవిరి అని అతను తెలుగులో మొత్తుకుంటుంటే, తెలుగు రాని ఆ జనం కంగారులో ఏదో వాగుతున్నాడనుకుని ఇంకో రెండు వేశారు. రామ్ ప్రసాద్ బావి నుంచి చన్నీళ్ళు తెచ్చి, మూత ఎత్తి, కణకణలాడుతున్న ఇంజను మీద నిండు బకెట్టు కుమ్మరించాడు.

టప్‌మని లోపల ఏదో పగిలింది. దాంతో ఇంజను ఆగిపోయింది. తోట కాపాడామన్న సంతోషంతో జనం చేతులు దులుపుకున్నారు.

పొద్దు అప్పటికే బాగా ఎక్కింది. కన్నమ్మ ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే మునియ్యకు కాస్త నయంగా ఉండేది. చీర కొంగు బిగించి, చెప్పులు వేసుకుని, నడిచే పోతానని కొండవైపు తిరిగింది. నడిస్తే మధ్యాహ్నంలోపు చేరలేనని ఆమెకూ తెలుసు. ఆమె కళ్ళు చూసి మునియ్యకు తన మీద తనకే రోత పుట్టింది. సిగ్గు విడిచి, ఒక్క పూటకు ఎడ్లనిమ్మని రామ్ ప్రసాద్‌ని అడిగాడు.

అతను ఎంత త్వరగా ఒప్పుకున్నాడంటే మునియ్యకే అనుమానం వచ్చింది. సంగతేమిటంటే, కొన్న నాటి నుంచీ ఆ ఎడ్లు అతనికి ఒక్క చాలు దున్నలేదు. అతను హిందీలో బతిమాలతాడు, హిందీలో తిడతాడు. అవి తెలుగులో పెరిగిన ఎడ్లు, నెమరు వేస్తూ వింటాయి. మునియ్య గొంతు విని రెండూ చెవులు నిక్కించాయి.

రామ్ ప్రసాద్ దగ్గర బండి లేదు. మునియ్య తన బండిని ఎడ్లమ్మిన రోజే ఇంకెవరికో అమ్మేశాడు. అందుకని గొలుసు వేసి కారుకే ఎడ్లను కట్టారు. వెనక సీటులో, తడి దిండు మీద, ముఖం పక్కకు తిప్పుకుని కన్నమ్మ కూర్చుంది. చక్రం పట్టుకుని వీపు రుద్దుకుంటూ వీరస్వామి. ఎడ్లను అదిలిస్తూ ముందు పరుగున మునియ్య.

"అప్పుడే చెప్పినా గదా బావా" అన్నాడు వీరస్వామి ఎక్కుడులో. "ఇంకొంచెం కాగనిచ్చి ఉంటే..."

కన్నమ్మ ఇటు తిరిగి ఒక్క చూపు చూసింది. అతను చటుక్కున చూపు దారి మీదికి తిప్పాడు.

కొండ దిగేటప్పుడు ఎడ్లు కారును లాగాల్సిన పని లేకపోయింది. కారే ఎడ్లను తరిమింది. వీరస్వామి కనబడ్డవన్నీ లాగి చూశాడు. ఏది ఆపుతుందో తెలిసేలోపు మువ్వలు గలగలలాడుతూ, దుమ్ము రేపుకుంటూ, అందరూ లైన్ల ముందుకు వచ్చిపడ్డారు. పొద్దు నడినెత్తికి చేరడానికి ఇంకా కాస్త ఉంది.

ద్రౌపది మూట పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. పక్కన సర్దార్. చుట్టూ నవ్వడానికి సిద్ధంగా ఉన్న జనం, నిజంగానే నవ్వారు. సిగ్గుతో మునియ్య తల దించుకున్నాడు. ద్రౌపది వాళ్ళను గానీ కారును గానీ చూడలేదు. తిన్నగా పోయి నల్లోడి నుదుటి మీద చెయ్యి వేసింది.

"కారులో వస్తారంట అని నిన్న ఎవురో చెప్తే భయంతో నిద్ర పట్టలేదక్కా. దాన్నెక్కలేను, కాదంటే మీరేమనుకుంటారో అని. మా ఊళ్ళో ఆడబిడ్డను ఇంటికి పిలవాలంటే ఎడ్లు కట్టుకుని వస్తారు. నాకు కట్టేవాళ్ళు లేకనే గదా ఓడెక్కింది." ఆమె మూట కింద పెట్టింది. "నువ్వు ఎడ్లు కట్టుకొచ్చినావు."

కన్నమ్మ దిగి ఆమెను కావలించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. సర్దార్ వేలిముద్ర మాట మరిచి ఎటో వెళ్ళిపోయాడు.

"అవునమ్మా" అన్నాడు మునియ్య మెల్లగా. "కారుంటే మాత్రం ఏంది, నీకోసం ఎడ్లే కట్టాల అనుకున్నాం."

పెళ్ళయ్యాక మొదటిసారి కన్నమ్మ అతని అబద్ధాన్ని సరిదిద్దలేదు. పైగా తిరుగుదారిలో తన చద్దన్నం మూట విప్పి మొదటి ముద్ద అతనికే పెట్టింది.

మర్నాడు మునియ్య ఎడ్లను వెనక్కి తీసుకుని కారును రామ్ ప్రసాద్‌కి ఇచ్చేశాడు. అందులో ఇప్పుడు అతని కోళ్ళు పొదుగుతున్నాయి. నిలబెట్టిన కారు ఇంజనును అంత జోరుగా తిప్పితే ప్రమాదమా అని ఎవరైనా అడిగితే, వీరస్వామి వీపు రుద్దుకుంటూ జవాబు చెబుతాడు.

"ఎడ్లకైతే ఏం కాదు."